తాళం లేని గేటు

మా ఇంట్లో హౌస్ అరెస్టు ఒక రకమైన సెలవు రోజు. పెద్ద మంత్రి ఎవరైనా వికారాబాద్ వస్తున్నాడంటే ముందురోజు సాయంత్రం ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. రేపు ప్రోగ్రాం ఉంది మేడం, జర కోపరేట్ చేయుర్రి అంటాడు. మర్యాదస్తుడు. మీ డ్యూటీ మీరు చేసుకోండి అని నేనూ మర్యాదగానే అంటాను. తెల్లారేసరికి ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు వచ్చి గేటు లోపల కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కుర్చీలు మావే. చాయ్ మాదే. మధ్యాహ్నం అన్నం కూడా మాదే. మంత్రి కాన్వాయ్ ఊరు దాటాక మళ్లీ ఫోన్ వస్తుంది, వాళ్లు లేచి వెళ్లిపోతారు.

నేను వకీలును, అందులోనూ నోరున్న వకీలును. తాండూరు బండల ఫ్యాక్టరీల కూలీల తరఫున, భూములు పోయినవాళ్ల తరఫున మీటింగుల్లో మైకు పట్టుకుంటాను. అందుకని నేనెక్కడ మంత్రి కారుకు అడ్డం పడతానోనని పైవాళ్లకు అనుమానం. నిజానికి నేను జీవితంలో ఏ కారుకూ అడ్డం పడలేదు. నాకు మోకాళ్ల నొప్పులు. అయినా పోలీసులు ఇంటికి రావడమంటే మా వకీళ్లలో ఒక గొప్ప. ఒకసారి మాలో ఒకాయన ఇంటికి ఎవరూ రాలేదు. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఆ తర్వాతి ప్రోగ్రాంకు ముందు ఆయనే స్టేషన్‌కు ఫోన్ చేసి, ఏమయ్యా, నన్ను మర్చిపోయారా అని అడిగాడట. కోర్టు క్యాంటీన్‌లో దాని గురించి పడీపడీ నవ్వుకున్నాం. నవ్వాం కానీ ఆయన బాధ మాలో ప్రతి ఒక్కరికీ అర్థమైంది.

ఆ రోజు ఫోటో తీయించుకోవడం మా ఆనవాయితీ. గేటు వెనక నేను, అటొకరు ఇటొకరు కానిస్టేబుళ్లు. మా ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, ఫోటోలు బాగా తీస్తాడు. కొంచెం కోపంగా చూడు అంటాడు. నేను కోపంగా చూస్తాను. పక్కనున్న అమ్మాయిలు నవ్వు ఆపుకోలేక తలలు తిప్పుకుంటారు. ఆ ఫోటో మా వాట్సాప్ గ్రూపులో పడిన క్షణం నుంచి ఫోన్లే ఫోన్లు. శభాష్ మేడం, ఇది అప్రకటిత ఎమర్జెన్సీ మేడం, మీరే మాకు ధైర్యం మేడం. ఇలాంటి మాటలు ఎన్ని విన్నా విసుగు పుట్టదు.

నవంబరు వస్తే రాజ్యాంగ దినోత్సవానికి కాలేజీల వాళ్లు పిలుస్తారు. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఏ మనిషి స్వేచ్ఛనూ ఎవరూ లాక్కోకూడదు, కలెక్టరైనా సరే, మంత్రైనా సరే, అని మొదలుపెడతాను. మిమ్మల్ని ఆపినవాణ్ని కాగితం అడగండి, కాగితం లేకపోతే మీ దారిన మీరు పొండి అంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను బాగా మాట్లాడతాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, నా తప్పులో సగం అక్కడే ఉంది.

పోయిన చలికాలం ఒక హౌస్ అరెస్టు జరిగింది. దాన్ని మామూలుగా తలుచుకోవడం ఇప్పుడు నా వల్ల కావడం లేదు. అది చెప్పాలంటే ముందు తాండూరు నుంచి నా దగ్గరికొచ్చిన ఒకామె గురించి చెప్పాలి.

ఆమె పుట్టిల్లు కర్ణాటకలో, సేడం వైపు. కోపమొస్తే తెలుగు కాస్తా కన్నడంలోకి జారిపోతుంది. భర్త తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్‌లో కూలీ. దానికి తోడు యాలాల్ దగ్గర కొంచెం చెలక కౌలుకు పట్టి కంది వేశారు. వానాకాలం చివర్లో ఆ యూనిట్‌లో బండల దొంతర మీదపడి ఒక కూలీ చనిపోయాడు. మిగతావాళ్లు శవాన్ని గేటు ముందు పెట్టి, పరిహారం తేల్చేదాకా కదలమని కూర్చున్నారు. పోలీసులొచ్చారు. తోపులాట జరిగింది. ఎవరు విసిరారో తెలియదు, ఒక రాయి వచ్చి ఒక పోలీసు తలకు తగిలి కుట్లు పడ్డాయి. ఈమె భర్త రాయి విసరలేదని నేను నమ్ముతాను. అందరికంటే గట్టిగా మాట్లాడింది మాత్రం ఆయనే. అందుకని మొదటి ముద్దాయి అయ్యాడు.

రెండుసార్లు బెయిలు అడిగాం, రెండుసార్లూ కొట్టేశారు. పోలీసుకు దెబ్బ తగిలిన కేసు కదా, ఎవరికీ మనసు రాలేదు. ఆమె వారానికోసారి రైలెక్కి తాండూరు నుంచి వికారాబాద్ వచ్చేది. నా ఆఫీసు గదిలో కుర్చీ చూపించినా కూర్చునేది కాదు, తలుపుకు ఆనుకుని నిలబడి మాట్లాడేది. కేసు ఎట్లా నడుస్తోందని ఎక్కువ అడిగేది కాదు. ఆమె దిగులంతా ఆయన దగ్గు గురించి. ఏళ్ల తరబడి బండల దుమ్ము మింగిన ఛాతీ ఆయనది.

"రాత్రంత దగ్గుతడు మేడం. ఇంట్ల నేనుంటె లేచి ఉడుకు నీళ్లిస్త, వీపు రాస్త. ఆడ ఎవలు లేస్తరు?" అంది ఒకసారి.

నా దగ్గర ఒక దారి ఉంది. అది ఆమెకు విడమరిచి చెప్పాను. ఇలాంటి కేసులో మనిషిని జైలుకు పంపాక పోలీసులు అరవై రోజుల్లోపు దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయాలి. వేయలేదంటే ఇక కేసులో బలముందా లేదా అన్న మాటే రాదు. బెయిలు అడిగితే జడ్జి ఇచ్చి తీరాలి. మనిషిని నిరవధికంగా లోపల పడేయకూడదన్న రాజ్యాంగం మాటకు, ఇంత పేదవాడి చేతికి కూడా అందేంత దగ్గర్లో ఉన్న కొస అదొక్కటే. అయితే అడగాలి. చార్జిషీటు కోర్టుకు చేరకముందే అడగాలి. మనకంటే ముందు వాళ్లు తెచ్చి పెట్టేశారంటే ఆ హక్కు అక్కడితో సరి. పూట తేడాతో అది పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఆమె శ్రద్ధగా విని, గడువు దాటేది ఏ రోజని అడిగింది. చెప్పాను. ఆ పొద్దున కోర్టు తెరిచే వేళకు నేను తాండూరులో ఉంటాను, నువ్వూ రా అన్నాను.

"పక్కానా మేడం?"

"పక్కా," అన్నాను.

ఆ రోజుకు రెండు రోజుల ముందు ఆమె మళ్లీ వచ్చింది. సంచి నిండా పచ్చి కందికాయలు తెచ్చింది. వాళ్ల చెలకవే. ఈ ఏడు కాపు మంచిగుందనీ, కోతకు ఆయన చేతికందుతాడనీ సంతోషంగా చెప్పింది. అంత బరువు రైల్లో ఎందుకు మోసుకొచ్చావని కసిరాను. నాకు ఇష్టమని ఎవరో చెప్పారట. నిజమే, ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలంటే నాకు ప్రాణం.

ముందురోజు సాయంత్రం పిటిషన్ సిద్ధం చేసి బ్యాగులో పెట్టుకున్నాను. బాగా కుదిరింది. చాలా రోజుల తర్వాత గట్టిగా గెలిచే కేసు, ఎట్లా వాదించాలో కూడా మనసులో అనుకున్నాను. అప్పుడే ఇన్‌స్పెక్టర్ ఫోన్. మంత్రి వస్తున్నాడు, జర కోపరేట్ చేయుర్రి.

రేపు నాకు తాండూరులో ముఖ్యమైన కేసు ఉంది, నేను పోవాలి అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అయినా అనలేదు. ఎందుకు అనలేదో చాలా రోజులు నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. మంత్రి మధ్యాహ్నానికే వెళ్లిపోతాడనుకున్నాను, పోలీసులు చార్జిషీటు ఎప్పుడూ టైముకు వేయరు కదా అనుకున్నాను. అవన్నీ అనుకున్నమాట నిజమే. కానీ అసలు సంగతి వేరు. చెబితే ఆయన, అయ్యో, కోర్టు పనైతే పొండి మేడం, అంటాడు. అంటే రేపు నాకు హౌస్ అరెస్టు ఉండదు. మిగతావాళ్లందరి ఫోటోలు గ్రూపులో పడతాయి, నాది పడదు. ఇంత చిన్న విషయం. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఒకామె పెద్దది, నాకు పాత పరిచయం. మా మోకాళ్ల నొప్పుల మందులు కూడా మేం ఒకరికొకరం చెప్పుకుంటాం. రెండో అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది, మోమిన్‌పేట దగ్గరి పిల్ల. కుర్చీ సరిగ్గా గేటుకు అడ్డంగా వేసుకుని, తొలి డ్యూటీ కదా, నిటారుగా కూర్చుంది. ఫోటో అయ్యింది. నేను కోపంగానే చూశాను. తర్వాత వాళ్లకు ఊరికే కూర్చోవడమెందుకని సంచిలోని కందికాయలు చాపమీద కుమ్మరించాను. కొన్ని ఉడకబెట్టడానికి తీసి, మిగతావి ముగ్గురం కూర్చుని వొలిచాం. చలి ఎండ హాయిగా ఉంది. నడుమ నడుమ ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ, ఫర్వాలేదు, ఇది మనకు కొత్తా అని చెబుతున్నాను.

పదిన్నర దాటాక తాండూరు నుంచి ఆమె ఫోన్ చేసింది. కోర్టు వరండాలో ఉన్నానంది. నన్ను ఇంట్లో బంద్ చేశారు చెల్లె, మంత్రి పోగానే వస్తాను, ఫికర్ చేయకు అన్నాను. ఆమె అడిగింది తన భర్త గురించి కాదు. మీకేం కాలేదు కదా మేడం, మిమ్మల్ని కొట్టలేదు కదా అని. నేను నవ్వాను. కందిగింజలు నోట్లో ఉన్నాయి, మింగి మరీ నవ్వాను. అవి ఆమె చెలకలోవి.

తాండూరులో నాకు తెలిసిన వకీళ్లు బోలెడుమంది ఉన్నారు. ఒక్కరికి ఫోన్ చేసి ఈ పిటిషన్ కొంచెం వేసి పెట్టు అంటే పావుగంటలో పని అయ్యేది. ఆ ఆలోచన కూడా వచ్చింది. వాదన నాది, గెలుపు నాది, ఇంకొకరి చేత్తో ఎందుకులే అనిపించి ఊరుకున్నాను.

చాయ్ రెండో విడత అయ్యాక నాకు మాట్లాడాలనిపించింది. ఎదుట ఇద్దరు శ్రోతలున్నారు, వదులుతానా. హౌస్ అరెస్టు అనే మాట చట్టంలో ఎక్కడా లేదు, మీకు తెలుసా అని మొదలుపెట్టాను. దీనికి ఆర్డరు లేదు, వారంటు లేదు, ఒక సంతకం లేదు. నేను ఈ క్షణం లేచి గేటు తీసుకుని పోతే మీరు నన్ను ముట్టుకోవడానికి కూడా వీల్లేదు అని ఉదాహరణలతో సహా చెప్పాను. పెద్దామె తలూపుతూ వింటోంది, ఆమె ఇవన్నీ ఇంతకుముందే విన్నది. కొత్తమ్మాయి మాత్రం చేతిలో కాయ పట్టుకుని వొలవడం మరిచిపోయింది.

"మరి ఎందుకు కూసున్నరు మేడం?" అంది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలియక అడిగింది. పెద్దామె ఫక్కుమంది. మా ఆయన వంటింట్లోంచి నవ్వాడు. ఇన్ని కాయలు నువ్వొక్కదానివే వొలుస్తావా మరి అని నేనూ నవ్వాను. ఆ పూట అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

మంత్రి ఆలస్యంగా వచ్చాడు, ఆలస్యంగా పోయాడు. మూడు దాటాక ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసి థాంక్స్ మేడం అన్నాడు. మా ఆయన కారు తీశాడు. ధారూర్ దాటుతుండగా తాండూరు వకీలొకడు ఫోన్ చేశాడు. పొద్దున నేను ఫోన్ చేసి ఉండవలసిన వాళ్లలో ఒకడు. ఆ బండల యూనిట్ కేసు మీదే కదక్కా, లంచ్ తర్వాత చార్జిషీటు వేసి పోయారు అన్నాడు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెనక్కి తిప్పమంటావా అని మా ఆయన అడిగాడు. వద్దన్నాను. పోయి చేసేదేముంది కనక, పోక చేసేదేముంది కనక.

ఆమె వరండాలో అక్కడే ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది. నన్ను చూసి గబుక్కున లేచి ఎదురొచ్చింది.

"మిమ్మల్ని ఏమన్న అన్నరా మేడం?"

ఏమీ అనలేదని చెప్పాను. సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది, గుమాస్తా ఎవరో చెప్పాడట. నేను పిటిషన్ వేశాను, వేసి ప్రయోజనం లేదని తెలిసే వేశాను. జడ్జి విచారంగానే కొట్టేశాడు. బయటికొచ్చి, ఇంకో దారి చూద్దాం, హైకోర్టు ఉంది అన్నాను. ఆమె సరే అంది. ఏడవలేదు. ఆయనకు దగ్గు మందు లోపలికి పంపే వీలుందా అని మాత్రం అడిగింది.

ఇది కుట్ర అన్నారు మావాళ్లు. సరిగ్గా గడువు దాటిన రోజే వకీలును ఇంట్లో బంధించి, అదే మధ్యాహ్నం చార్జిషీటు వేశారంటే ఇంకేమిటి అన్నారు. నేను కాదనలేదు. కాదనకపోవడమే కాదు, వారం తిరక్కముందే ఒక సభలో మైకు పట్టుకుని అదే చెప్పాను. నన్ను ఇంట్లో బంధించి ఒక పేద కూలీ హక్కును కాజేశారు అన్నాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పోలీసులు నా గేటు దగ్గర కూర్చోవడం చట్టవిరుద్ధమే. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ గేటు గడియ మీద నా చెయ్యి పడిందా అని ఆ సభలో ఎవరూ అడగలేదు, పడలేదని నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత ఒకరోజు కోర్టు మెట్ల దగ్గర ఆ కేసు దర్యాప్తు అధికారి కనిపించాడు. కడిగేద్దామని ఎదురుగా పోయి నిలబడ్డాను. ఆయన నా కోపం చూసి బిక్కమొహం వేశాడు. గడువు దాటిపోయింది, ఇక ఆ మనిషి బయటికి పోయినట్టేనని తను ఆశ వదులుకున్నాడట. పైనుంచి తిట్లు తప్పవు, కనీసం ఆ రోజైనా వేసేద్దామని తెచ్చాడట.

"మీరు పొద్దుగాలనే వేసుంటరనుకున్న మేడం," అన్నాడు.

కుట్ర అనే మాట అక్కడితో నా నోట్లోంచి పోయింది. అవతలివాడు నాకంటే ఎక్కువగా నా చట్టాన్ని నమ్మాడు. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. మా ఆయన ఏమైందని అడిగితే గ్యాస్ అన్నాను.

హైకోర్టులో బెయిలు వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లోనే ఆయనకు దగ్గులో రక్తం పడింది. జైలు వాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్తే టీబీ అన్నారు. నేను ఆ డాక్టర్ దగ్గరికి స్వయంగా పోయాను. ఇది ముందే ఉందా, ఈ మధ్య అంటుకుందా అని అడిగాను. దుమ్ములో పనిచేసిన ఊపిరితిత్తులు, ఎప్పుడు మొదలైందో ఎట్లా చెప్పగలమమ్మా అన్నాడాయన. నాకు కావలసింది ముందే ఉందనే మాట. అదే ప్రశ్న ఇంకో రకంగా మళ్లీ అడిగాను. ఆయన మళ్లీ అదే చెప్పాడు. కంది కోత ఆమె ఒక్కతే, బొంరాస్‌పేట నుంచి చెల్లెల్ని పిలిపించుకుని చేసింది.

చలి తగ్గాక ఒక ఆదివారం మొగుడూ పెళ్లాం ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఆయన్ను బయట వెలుతురులో చూడటం నాకదే మొదటిసారి. మనిషి సగమయ్యాడు. భుజాన చిన్న మూట, అందులో ఆ చెలకలో పండిన కందిపప్పు. మందులు వాడుతున్నాననీ, యూనిట్‌కు పోవద్దన్నారనీ, కౌలు చెలక మీదే బతకాలనీ చెప్పాడు. గుక్క తిప్పుకోవడానికి మాట మాటకూ ఆగుతున్నాడు. నేను వింటూ ఆయన దగ్గు ఎప్పుడొస్తుందా అని బిగుసుకుని కూర్చున్నాను.

ఆమె ఫోన్ తీసి నాకు చూపించింది. నా ఫోటో. గేటు వెనక నేను, అటొకరు ఇటొకరు కానిస్టేబుళ్లు, కోపంగా చూస్తున్న నా ముఖం. ఎవరో ఎవరికో పంపితే ఆమెకు చేరిందట. ఆ ఫోటో సంగతి జైల్లో ములాఖత్ నాడు ఆయనకు చెప్పిందట.

"మాకోసం మీరు గూడ బంద్ ఉన్నరని మా బ్యారక్‌ల అందరికి చెప్పిన మేడం," అన్నాడాయన. "మనకొక్కళ్లకేనా, వకీలమ్మకు గూడ తప్పలేదని మనసుకు జర నిమ్మలమయింది."

ఆయన నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఆ బ్యారక్‌లో, ఆ దగ్గు పక్కన. నేను ఆ పూట చాపమీద కూర్చుని వాళ్ల కందికాయలు తిన్నాను. చెప్పేయాలనుకున్నాను. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియక, చేతికందిన మాటతో మొదలుపెట్టాను.

"మా గేటుకు తాళం లేకుండె," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేనేదో బాధపడుతున్నానని తెలిసింది. ఓదార్చే గొంతుతో అన్నాడు.

"తాళం లేకుంటెంది మేడం. పోలీసులు అడ్డం కూసున్నంక ఎవలు పోతరు?"

ఆమె కూడా అవునన్నట్టు తలూపింది. నేను భయపడి ఆగిపోయానని వాళ్లనుకున్నారు. వాళ్లకు తెలిసినంతలో మనిషి ఆగిపోవడానికి అదొక్కటే కారణం. నాకు భయమైనా వేసుంటే బాగుండేది. భయపడినవాడి మీద కోపం రాదు, జాలి వస్తుంది. మిగతా మాట చెబుదామని నోరు తెరిచాను. మా ఆయన చాయ్ తెచ్చాడు. ఆమె భర్త రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఊది ఊది తాగాడు. నేను నోరు మూసుకున్నాను. పోయేటప్పుడు ఆమె గేటు దగ్గర ఆగి, ఈడనేనా మేడం వాళ్లు కూసున్నది అని అడిగింది. అవునన్నాను. దండం పెట్టి వెళ్లారు.

ఆ పప్పు డబ్బాలో పోసి వంటింటి పై అరలో పెట్టాను. మా ఆయన రెండుమూడుసార్లు, తాండూరు కందిపప్పు ఉండగా దుకాణంలో ఎందుకు తేవడం అన్నాడు. పురుగు పడుతుందేమో చూడాలి అన్నాను. ఇప్పటిదాకా వండలేదు.

పోయిన నెల మళ్లీ మంత్రి ప్రోగ్రాం పడింది. ఇన్‌స్పెక్టర్ మారాడు గానీ ఫోన్‌లో మాట మారలేదు. పొద్దున్నే ఇద్దరు వచ్చారు. పెద్దామె వేరే ఎవరో, రెండోది మాత్రం అదే మోమిన్‌పేట అమ్మాయి. కుర్చీ గేటుకు అడ్డంగా వేసుకుని ఫోన్ చూసుకుంటోంది. ఇప్పుడు నిటారుగా కూర్చోవడం లేదు, ఉద్యోగం అలవాటైనట్టుంది. కందికాయల కాలం కాదు. మా ఆయన ఫోన్ కెమెరా తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

నేను చీర మార్చుకుని, నల్లకోటు చేతిమీద వేసుకుని, బ్యాగు తీసుకున్నాను. గేటు దాకా నడిచాను. చెప్పడానికి ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. చట్టం, రాజ్యాంగం, హైకోర్టు, అన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఆపితే ఒక్కొక్కటీ విప్పాలి. ఆపాలి అని కోరుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆపాలి, అరవాలి, లోపలికి నెట్టాలి. అట్లా జరిగితే ఆ చలికాలం కూడా నన్ను అట్లాగే ఆపేవాళ్లని ఒక్కసారి, ఒక్క రాత్రికైనా నమ్మగలను.

అమ్మాయి తలెత్తింది.

"ఎటు మేడం?"

"తాండూరుకు."

లేచి కుర్చీ పక్కకు జరిపింది. గేటు గడియ కూడా తనే తీసింది.

"బస్సులు బంద్ వెట్టిన్రు మేడం, రైలుకు పోండ్రి," అంది.

మా ఆయన ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను రోడ్డు మీదికొచ్చి వెనక్కి చూశాను. ఆమె కుర్చీని మళ్లీ గేటుకు అడ్డంగా లాక్కుని కూర్చుంది. స్టేషన్‌కు నడిచాను, మోకాళ్లు సలుపుతున్నా నడిచాను. టికెట్ తీసుకుని బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ధారూర్ దాటింది. చెలకల్లో జనం పనుల్లో ఉన్నారు. పెద్ద గేటు కాదు మాది, తోస్తే పోతుంది. కుర్చీ ప్లాస్టిక్‌ది, మాదే. చార్జిషీటు లంచ్ తర్వాత వచ్చింది. ఆ చలికాలం పొద్దున కూడా ఇదే బండి ఉంది.

ఎవలు పోతరు అన్నాడాయన. నేను పోయాను. ఈసారి తాండూరు కోర్టులో నాకు కేసు లేదు.